డ్రాయింగు బీరువాలో, ఇంజిన్ షెడ్డులో

పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కి పార్ట్స్ దొరకడం లేదని ఎవరితో చెప్పుకున్నా వచ్చే జవాబు ఒకటే: "డబ్బు పెడితే ఎందుకు దొరకవు?" నా దగ్గర 1994 మోడల్ మజ్దా ఆర్ఎక్స్-7 ఉంది. డల్లాస్ పక్కన ఉంటాను. డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఈ కారుకి అమెరికాలో, జపాన్‌లో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, ప్యూర్టో రికోలో బోలెడంత మంది ఉన్నారు. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్లున్న షాపులకీ కొదవ లేదు. లేనిదల్లా ఆ పార్టుని సరిగ్గా ఎలా చెయ్యాలన్న సమాచారం. అది కంపెనీ దగ్గర భద్రంగా ఉంది. ఒక పార్టు తయారీ ఆపేశాక దాని డ్రాయింగు, కొలతలు, మెటీరియల్ వివరాలు బయటపెట్టడం కంపెనీ బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో ఈ ఒక్క ఇంజిన్‌ని పట్టుకునే చెప్తాను.

మజ్దా అనగానే మనవాళ్లకి స్వరాజ్ మజ్దా వ్యాను గుర్తొస్తుంది. అదే మజ్దా 1961లో జర్మనీకి చెందిన ఎన్ఎస్‌యూ కంపెనీ నుంచి రోటరీ ఇంజిన్ లైసెన్సు తీసుకుని, 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారులో రెండు రోటర్ల ఇంజిన్ పెట్టి అమ్మింది. ఆ వంశంలో అందరూ ఇష్టపడే కారు మూడో తరం ఆర్ఎక్స్-7. చాసిస్ కోడ్‌ని బట్టి దాన్ని ఎఫ్‌డీ అంటాం. జపాన్‌లో 1991 చివర వచ్చింది, 2002 ఆగస్టు దాకా తయారైంది. అమెరికాలో మాత్రం 1993 నుంచి 1995 మోడళ్ల వరకే అమ్మారు. మొత్తం కలిపి సుమారు 14 వేల కార్లు. వాటిలో గుద్దుకుని పోయినవి, విప్పి అమ్ముకున్నవి, రోటరీ తీసేసి వేరే ఇంజిన్ ఎక్కించినవి పోగా మిగిలినవాటితోనే మా బతుకు.

అందులో ఉండే ఇంజిన్ పేరు 13బీ-ఆర్ఈడబ్ల్యూ. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు మూలలున్న రోటర్లు రెండు, ఒక్కోటి 654 సీసీ లెక్కన మొత్తం 1308 సీసీ. ఒక్కో రోటర్, నడుం దగ్గర కొద్దిగా లోపలికి నొక్కుకుపోయిన అండాకారపు గదిలో తిరుగుతుంది. ఆ గది గోడే రోటర్ హౌసింగ్. దానికి అటూ ఇటూ పోత ఇనుప పలకలు ఉంటాయి. వాటిని మేం ఐరన్స్ అంటాం. హిటాచీ టర్బోలు రెండు: మొదటిది కింది ఆర్‌పీఎంలోనే అందుకుంటుంది, 4500 దగ్గర రెండోది కలుస్తుంది. అమెరికా కారుకి 255 హార్స్‌పవర్. ఆ రెండో టర్బో కలిసే క్షణంలో కారు ముందుకి దూకే తీరు, 8000 ఆర్‌పీఎం దాకా వణుకు లేకుండా సాగే ఆ పరుగు నేను నడిపిన ఇంకే బండిలోనూ చూడలేదు. ఇంత చిన్న ఇంజిన్‌ని ముందు చక్రాల ఇరుసుకి వెనగ్గా, నేలకి అంత దగ్గరగా పెట్టగలిగారు కాబట్టే ఆ కారు మూల తిరిగితే అలా తిరుగుతుంది. అందుకే ఆ ఇంజిన్ అందులోనే ఉండాలంటాను. దాని సంగతి తర్వాత.

విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగినవాణ్ని. లారీ ఇంజిన్ బోరుకొస్తే ఏం చేస్తారో చిన్నప్పటి నుంచీ చూశాను. బ్లాకు దింపి, బోరింగ్ షాపుకి పంపి, బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. అదీ కుదరకపోతే కొత్త లైనర్ దించుతారు. అక్కడి లేత్ మేస్త్రి చేతిలో పాత బుష్ పెడితే చాలు, సాయంత్రానికల్లా కొత్తది చేసిచ్చేవాడు. డ్రాయింగు ఊసే ఉండేది కాదు. పిస్టన్ ఇంజిన్‌కి ఆ వెసులుబాటు ఉంది. గుండ్రటి బోరుని కాస్త పెద్ద గుండ్రం చేసుకోవచ్చు.

రోటర్ హౌసింగ్‌కి అలా కుదరదు. దాని లోపలి ఆకారం గుండ్రం కాదు. కాస్త పెద్దది చేద్దామంటే రోటర్ కూడా ఆ లెక్కనే మారాలి. పైగా ఆ గోడ ఒకే లోహం కాదు. బయట అల్యూమినియం పోత, అందులో కరిచిపెట్టుకున్న పల్చటి ఉక్కు రేకు, దాని మీద గట్టి క్రోమ్ పూత. ఆ క్రోమ్‌లో నూనె నిలవడానికి కంటికి ఆనని సన్నని గుంతలుంటాయి. ఈ పద్ధతిని మజ్దా 1970ల్లో తెచ్చింది. క్రోమ్ ఒక్కసారి లేచిందంటే ఆ హౌసింగ్ పని దాదాపు అయిపోయినట్టే. మళ్లీ పూత వేసి, ఆ వంపులోనే గ్రైండ్ చేసి ఇచ్చేవాళ్లు లేకపోలేదు గానీ వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి పాడైన ప్రతి ఇంజిన్‌తో పాటు లోకంలో ఉన్న మంచి హౌసింగుల్లో ఒకటో రెండో తగ్గిపోతాయి.

పాడవడం కూడా పెద్ద కథేం కాదు. రోటర్ ప్రతి మూలకీ, గోడని ఒరుసుకుంటూ గ్యాసు తప్పించుకోకుండా ఆపే ఒక అపెక్స్ సీల్ ఉంటుంది, 2 మిల్లీమీటర్ల మందం. రెండు రోటర్లకీ కలిపి ఆరు. పెట్రోలు తక్కువై డిటొనేషన్ (మంట అదుపు తప్పి పేలినట్టు అంటుకోవడం) ఒక్కసారి గట్టిగా వచ్చిందంటే వాటిలో ఒకటి చిట్లుతుంది. ఆ ముక్క గోడని గీసుకుంటూ, రోటర్ మూలని కొరుక్కుంటూ ఎగ్జాస్ట్ పోర్టులోంచి బయటికొచ్చి టర్బో చక్రానికి తగులుతుంది. సీల్ ఖరీదు చిన్నదే. అది పోతూ పోతూ హౌసింగ్‌ని, రోటర్‌ని, టర్బోని వెంట తీసుకుపోతుంది. ఈ మూడూ వెతుక్కోవాల్సిన వస్తువులే.

వాడిన హౌసింగ్ కొనేటప్పుడు ఏం చూడాలో కొంచెం వివరంగా చెప్తాను, కొత్తగా ఈ కారు కొన్నవాళ్లకి పనికొస్తుంది. ముందు బ్రేక్ క్లీనర్‌తో మసంతా తుడవాలి. తర్వాత టార్చ్‌లైటు గోడ మీదకి పక్కవాటంగా వెయ్యాలి. ఎదురుగా వేస్తే క్రోమ్ తళతళలాడి లోపాలన్నీ దాచేస్తుంది. పక్కనుంచి వేస్తే అలలు అలలుగా అరిగిన గీతలుంటే నీడలతో సహా బయటపడతాయి. ఆ తర్వాత వేలిగోరు అంచు వెంబడి మెల్లిగా లాక్కుంటూ వెళ్లాలి. ముఖ్యంగా స్పార్క్ ప్లగ్ కన్నాలున్న వైపు. వేడంతా అక్కడే కాబట్టి క్రోమ్ ముందు అక్కడి అంచు దగ్గరే లేస్తుంది. గోరు తట్టుకుందంటే అక్కడ పొలుసు ఊడినట్టే. ప్లగ్ కన్నాల మధ్య వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో చూసుకోవాలి. చివరగా మైక్రోమీటర్. 13బీ హౌసింగ్ వెడల్పు 80 మిల్లీమీటర్లు. చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి, ప్లగ్గుల దగ్గరి అంకెని మిగతావాటితో పోల్చాలి. అక్కడ బాగా తక్కువొస్తే ఆ ఇంజిన్ ఎప్పుడో వేడెక్కి నలిగిందని అర్థం. అమ్మేవాడు ఏం చెప్పినా ఆ అంకె అబద్ధం చెప్పదు.

ఒకాయన దగ్గర నేను హౌసింగ్ కొన్నాను. ఫోటోల్లో కొత్తదానిలా ఉంది. పెట్టె విప్పి చూస్తే ప్లగ్గుల వైపు అంచు పొడుగునా క్రోమ్ లేచి ఉంది. ఫోటోలన్నీ ఎగ్జాస్ట్ వైపు నుంచి తీసినవే. వాపసు ఇవ్వనన్నాడు. అలాంటి మనుషులు అన్ని చోట్లా ఉంటారు, దాని గురించి ఎక్కువ చెప్పను. కానీ అలాంటి వ్యాపారం బతకడానికి కారణమేంటో చూడండి. కొత్తది వారంలో వస్తుందన్న భరోసా ఉంటే పొలుసూడిన హౌసింగ్‌ని ఎవరు కొంటారు?

ఇక వెతకడం. మా పనిలో సగం పార్ట్ నంబర్లు చదవడమే. మజ్దా నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాలు ఆ పార్టుని మొదట ఏ ఇంజిన్ కోసం, ఏ మోడల్ కోసం గీశారో చెప్తాయి. ఎన్3ఏ1తో మొదలైందంటే ఎఫ్‌డీ తరంది. మధ్యలో రెండంకెలు విభాగం: 10 అంటే ఇంజిన్ బాడీ, 11 అంటే రోటర్లూ సీళ్లూ ఉండే గుంపు, 13 ఇన్‌టేక్, 15 కూలింగ్. చివర ఏ, బీ, సీ అని ఒక అక్షరం వచ్చిందంటే ఆ పార్టుని మార్చారని, సవరించారని అర్థం. ఇది తెలిసినవాడికి ఒక్కోసారి చిక్కుముడి దానంతటదే విడిపోతుంది. అమెరికా డీలరు కంప్యూటర్లో "డిస్‌కంటిన్యూడ్" అని చూపించే పార్టే చివరి అక్షరం మారి జపాన్‌లో అమ్మకానికి ఉంటుంది. కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు. అతను పుట్టకముందు కారు ఇది.

జపాన్ యాహూ వేలంలో పార్ట్స్ బాగానే వస్తాయి. బయటి దేశాల వాళ్లకి నేరుగా అమ్మరు, మన తరఫున కొని పంపే ప్రాక్సీ కంపెనీ కావాలి. అమ్మేవాడు "జంక్" అని రాశాడంటే చెత్త అని కాదు, "నేను హామీ ఇవ్వను, వాపసు అడగొద్దు" అని. అందులో బంగారం లాంటి వస్తువులూ ఉంటాయి, పనికిరానివీ ఉంటాయి. ఐరన్స్ లాంటి బరువైనవి తెప్పించుకుంటే పార్టు కంటే రవాణా ఖర్చే ఎక్కువవుతుంది. దానికి తోడు 800 డాలర్ల లోపు పార్సిళ్లకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు చివర్లో పోయింది. చిన్న సెన్సార్ తెప్పించుకున్నా ఇప్పుడు సుంకం లెక్క వేసుకోవాల్సిందే.

"పక్క మోడల్ పార్టు పెట్టుకోవచ్చుగా?" అని అడుగుతారు. కొన్నిటికి కుదురుతుంది. రెండో తరం ఆర్ఎక్స్-7 టర్బో నుంచి, జపాన్‌లో అమ్మిన యూనోస్ కాస్మో అనే రోటరీ కారు నుంచి కొన్ని ముక్కలు తెచ్చుకుని జాగ్రత్తగా కలుపుకోవచ్చు. కానీ 2003లో వచ్చిన ఆర్ఎక్స్-8 హౌసింగ్ మాకు పనికిరాదు. ఆ ఇంజిన్‌లో పొగ పక్కనున్న ఐరన్స్‌లోంచి బయటికి పోతుంది, హౌసింగ్‌కి ఎగ్జాస్ట్ రంధ్రమే లేదు. మా ఇంజిన్‌లో పొగ పోయేది హౌసింగ్‌లోంచే. రోటర్లు కూడా అంతే. గాలిని నొక్కే నిష్పత్తి, అంటే కంప్రెషన్, ఆర్ఎక్స్-8కి 10, మాకు 9. టర్బో పెట్టిన ఇంజిన్‌లో ఆ తేడా చిన్నదేం కాదు. 2023లో మజ్దా మళ్లీ రోటరీ తయారీ మొదలుపెట్టిందని తెలిసినప్పుడు మాలో చాలామందికి ప్రాణం లేచొచ్చింది. ఎంఎక్స్-30 అనే ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ చార్జ్ చెయ్యడానికి 830 సీసీ సింగిల్ రోటర్ ఇంజిన్ పెట్టారు. చూస్తే దాని పక్క పలకలు అల్యూమినియం, అపెక్స్ సీల్ మందం 2.5 మిల్లీమీటర్లు. ఒక్క ముక్క కూడా మా ఇంజిన్‌లోకి రాదు. కానీ రోటర్ హౌసింగ్‌కి క్రోమ్ వెయ్యడం, సీళ్లు పోత పొయ్యడం తెలిసిన మనుషులు మజ్దా ఊరైన హిరోషిమాలో ఇంకా పనిలో ఉన్నారని అది చెప్తోంది. నాకు అది చిన్న విషయం కాదు.

మజ్దాకి ఇవ్వాల్సిన మంచిపేరు ఇచ్చే తీరాలి. ఆపేసిన ఇంజిన్‌కి హౌసింగులు, సీళ్లు ఇన్నేళ్లు అందించిన కంపెనీలు ఎక్కువ లేవు. 2017లో మొదటి తరం రోడ్‌స్టర్ కారుకి పునరుద్ధరణ సర్వీసు మొదలుపెట్టారు. 2020 చివర్లో రెండో, మూడో తరాల ఆర్ఎక్స్-7కి ఆపేసిన పార్టుల్లో కొన్నిటిని మళ్లీ చేసి అమ్ముతామని ప్రకటించారు, అన్నట్టే చేశారు. నిస్సాన్ 2017లో స్కైలైన్ జీటీ-ఆర్ కోసం నిస్మో హెరిటేజ్ పార్ట్స్ తెచ్చింది. టొయోటా సుప్రా కోసం జీఆర్ హెరిటేజ్ పార్ట్స్ తెచ్చింది. ఇదంతా మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిన పనే.

అయితే ఏ పార్టు మళ్లీ చెయ్యాలో, ఎప్పుడు ఆపాలో పూర్తిగా కంపెనీ ఇష్టం. ఒక ఏడాది జాబితాలో ఉన్నది మరుసటి ఏడాది ఉంటుందన్న నమ్మకం లేదు. ధర ఏటేటా ఎక్కడికి పోతుందో మా చేతిలో లేదు. చాలామంది నమ్మే మాట ఒకటుంది, కారు ఆపేశాక 10 ఏళ్లు పార్ట్స్ ఇవ్వాలని అమెరికాలో చట్టం ఉందని. కార్ల కంపెనీల మీద అలాంటి ఫెడరల్ నిబంధన ఏదీ లేదు. ఉన్నదల్లా వారంటీ బాధ్యతే. మసాచుసెట్స్ 2012లో తెచ్చిన రైట్ టు రిపేర్ చట్టం మంచిదే గానీ అది డీలరుకిచ్చే రిపేరు సమాచారం, డయాగ్నస్టిక్ పరికరాల గురించి. రోటర్ హౌసింగ్ క్రోమ్ ఎన్ని మైక్రాన్లో చెప్పమని అది ఎవర్నీ అడగదు.

చట్టం మాకు అడ్డం కూడా రాదు. పేటెంట్ బతికేది 20 ఏళ్లు. 1991 నాటి ఇంజిన్ మీద ఉన్నవన్నీ ఎప్పుడో ముగిసిపోయాయి. ట్రేడ్‌మార్క్ వాడుకోనంతవరకు ఆ హౌసింగ్‌ని ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. మరి ఎందుకు చెయ్యరు? కొందరు ప్రయత్నిస్తున్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అల్యూమినియం దిమ్మెని మెషీన్ చేసి పక్క పలకలు తయారుచేస్తున్నారు. రేసు కార్లకి అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఖరీదు మాత్రం మామూలు ఓనరు భరించేది కాదు. ఎందుకంత ఖరీదంటే ప్రతి షాపూ మొదటి నుంచీ తవ్వుకోవాల్సి రావడం. ఉన్న పార్టుని స్కాన్ చేస్తే ఆకారం తెలుస్తుంది. అది 30 ఏళ్లు అరిగిన పార్టు ఆకారం. అసలు కొలత ఎంత, ఎటు ఎంత తేడా వరకు పనికొస్తుందని ఇంజినీరు రాశాడు, ఏ ఉష్ణోగ్రతలో ఎంత వ్యాకోచిస్తుందని లెక్కేశాడు, పూతకి ముందు రేకుని ఎలా తయారుచేశాడు? ఇవి స్కానర్‌కి అందవు. పులిహోర తిని చింతపండు ఏ చెట్టుదో చెప్పమన్నట్టుంటుంది.

ఈ ఇంజిన్ విషయంలో ఆ వివరాలు ఎంత ముఖ్యమో మజ్దా చరిత్రే చెప్తుంది. 1960ల్లో యమామోటో కెనిచి నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు దీని మీద కూర్చున్నారు. హౌసింగ్ గోడ మీద సీళ్లు చేసే అలల్లాంటి గీతలు వాళ్లని ఏళ్ల తరబడి నిద్రపోనివ్వలేదు. వాటికి దెయ్యం గోళ్ల గాట్లని పేరు పెట్టుకున్నారు. చివరికి అల్యూమినియం ఎక్కించిన కార్బన్ సీల్‌తో ఆ సమస్య దారికొచ్చింది. సీల్ ఒక్కటీ బాగుంటే సరిపోదు, అది రాసుకునే గోడతో దానికి జత కుదరాలి. ఇవాళ బజార్లో దొరికే సీళ్లలో చాలా గట్టివి ఉన్నాయి. డిటొనేషన్ వచ్చినా అవి విరగవు, కానీ వాటిలో కొన్ని క్రోమ్‌ని తినేస్తాయి. సీల్ మిగిలి హౌసింగ్ పోతే ఏం లాభం? దొరకనిది హౌసింగే కదా. అసలు సీల్ గట్టిదనం ఎంత, క్రోమ్ గట్టిదనం ఎంత అని కంపెనీ ఒక్క కాగితం బయటపెడితే సీళ్లు చేసే చిన్న షాపులన్నీ దాన్ని ఆధారం చేసుకునేవి. ఇప్పుడు మా ఇంజిన్ల మీద ప్రయోగాలు చేసి నేర్చుకుంటున్నారు.

ఇది కుదిరే పనేనా అంటే, ఇలాంటిది జరిగింది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అసలు ప్రెస్ పనిముట్లని సేకరించి, 1988 నుంచి ఆ కారుకి కొత్త బాడీ షెల్స్ చేస్తోంది. ఎంజీబీ తయారీ ఆగింది 1980లో. పాత బాడీ తుప్పు పట్టిపోయినవాడు ఇవాళ కొత్త బాడీ కొనుక్కోగలడు, ఎందుకంటే ఆ పనిముట్లు తుక్కు కింద పోలేదు. పోర్షే 2018లో 959 కారు క్లచ్ రిలీజ్ లీవర్‌ని లోహపు పొడితో త్రీడీ ప్రింట్ చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ కారు లోకంలో 292 మాత్రమే తయారైంది. అచ్చులు అక్కర్లేదు, వేల సంఖ్యలో ఆర్డరు అక్కర్లేదు. డ్రాయింగు ఉంటే పది ముక్కలు చేసినా గిట్టుబాటయ్యే రోజులొచ్చాయి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది బాధ్యత గురించి. ఎవడో నాసిరకంగా చేసిన పార్టు పేలి మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ మీద కేసు పడదా? ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి పక్కన పెట్టమనే అంటాను. ఇంజిన్ లోపలి భాగాలు వేరు. అవి పోతే కారు ఆగిపోతుంది. పైగా కంపెనీ తన బ్రాండు ఇవ్వక్కర్లేదు, "ఇవి అప్పటి కొలతలు, తయారీతో మాకు సంబంధం లేదు" అని ఒప్పందం రాయించుకుని ఇవ్వొచ్చు. కావాలంటే రాయల్టీ కూడా తీసుకోమనండి. ఉచితంగా ఇమ్మని నేను అడగడం లేదు. ఇక వ్యాపార రహస్యమంటారా? ఆ కంపెనీయే ఆ ఇంజిన్‌ని వదిలి అల్యూమినియం పలకలకి, మందపాటి సీళ్లకి వెళ్లిపోయింది. 30 ఏళ్ల కిందటి పోత ఇనుప పలక కొలతలతో పోటీదారుడు చేసుకునేదేముంది?

టెక్సస్‌లో నాకు ఎక్కువగా వినిపించేది వేరే సలహా: "ఆ రోటరీ తీసేసి జీఎం వాళ్ల ఎల్ఎస్ వీ8 పిస్టన్ ఇంజిన్ పెట్టెయ్, ఏ ఊళ్లోనైనా పార్ట్స్ దొరుకుతాయి." ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. అలా చేసుకున్నవాళ్ల కార్లు వేగంగా, నిశ్చింతగా నడుస్తున్నాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లని అక్కడిదాకా నెట్టింది పార్టుల కరువే. ఇష్టపడి మార్చుకున్నవాళ్ల కంటే విసిగి మార్చుకున్నవాళ్లే నాకు ఎక్కువ తెలుసు. కానీ రోటరీ లేని ఎఫ్‌డీ అందమైన ఒక బాడీ మాత్రమే. పిస్టన్ లేని ఇంజిన్‌తో 1991లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన కంపెనీ, ఆ పట్టుదలని మామూలు జనం కొనగలిగే కారులో పెట్టి ఇచ్చింది. అది మానవుడు చేసిన గొప్ప పనుల్లో ఒకటని నా అభిప్రాయం. అది నడుస్తూ ఉండాలి, మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంటే చాలదు. మా బావగారు విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఏమయ్యా, ఆ కారు అమ్మేశావా లేదా?" అని అడుగుతారు. ఆయనకీ ఇదే చెప్తాను.

కంపెనీని అడిగే ముందు మనం చెయ్యాల్సినవీ ఉన్నాయి. షెడ్డులో నాలుగైదు మంచి ఇంజిన్లు దాచుకుని ధర పెరిగేదాకా కూర్చునేవాళ్లని నేను సమర్థించలేను. బాగు చెయ్యదగ్గ కారుని విప్పి ముక్కలుగా అమ్మితే ఎక్కువ డబ్బొస్తుందని పార్ట్ అవుట్ చేసేవాళ్లదీ అదే దారి. అంతకన్నా ముఖ్యం, ఇంజిన్ విప్పిన ప్రతిసారీ కొలతలు రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. రోటర్ పక్కల్లో ఉండే సన్నటి సైడ్ సీల్ సంగతే చూడండి. కొత్తది కాస్త పొడవుగా వస్తుంది. దాన్ని గాడిలో పెట్టి, చివర, మూలనుండే కార్నర్ సీల్‌కీ దానికీ మధ్య సందు కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ దూర్చి, సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి, మళ్లీ పెట్టి చూడాలి. ఇలా రెండు రోటర్లకీ కలిపి పన్నెండు. ఒక్క రాపిడి ఎక్కువైతే ఆ సీల్ పారేసి ఇంకోటి. ఈ పని చేతులతో చేసినవాళ్లు, ఎంత సందు ఉంచితే ఇంజిన్ ఎన్ని మైళ్లు నడిచిందో రాసి పెడితే తర్వాతివాడికి అదే మాన్యువల్ అవుతుంది. రాసినవాళ్లు చాలా తక్కువ. మంచి బిల్డర్లు చాలామంది పెద్దవాళ్లయ్యారు. వాళ్ల చేతిలో ఉన్నది వాళ్లతోనే పోనివ్వకూడదు.

చిన్న షాపులకి సమాచారం ఉంటే ఏం చెయ్యగలవో ఈ కారులోనే ఒక రుజువు ఉంది. కూలింగ్ సిస్టమ్‌లో గాలి వేరుచేసే చిన్న ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి ఉంటుంది. వేడికి పెళుసుబారి పగిలేది, నీళ్లు పోయేవి, దాంతో ఇంజినే పోయేది. అదేం పెద్ద రహస్యమున్న వస్తువు కాదు. కొలుచుకుని అల్యూమినియంతో చేసేశారు, ఇప్పుడు ఆ భయమే లేదు. కంపెనీ చేసినదానికంటే మెరుగైనది వచ్చింది. నూనె కొలిచి పోసే ఆయిల్ మీటరింగ్ పంపు అలా కాదు. అది ఎలక్ట్రానిక్, లోపల స్టెపర్ మోటారు. కంప్యూటర్‌కి దాని జవాబు నచ్చకపోతే ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. సర్క్యూట్ వివరాలు, పంపు లోపలి కొలతలు బయటికొస్తే దాన్ని కూడా ఏదో ఒక షాపు చేస్తుంది.

2027లో ఈ గిరాకీ ఇంకా పెరుగుతుంది. 25 ఏళ్లు దాటిన కారుని అమెరికాకి దిగుమతి చేసుకోవచ్చన్న నిబంధన ప్రకారం 2002లో వచ్చిన ఎఫ్‌డీ ఆఖరి రకం, 1500 స్పిరిట్ ఆర్ కార్లకి కూడా అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. వాటితో పాటు వాటికి కావాల్సిన హౌసింగులు, ఐరన్స్ కూడా మేం వెతికే కుప్పలోంచే పోవాలి.

మజ్దా ఒక్క డ్రాయింగే ఇస్తానంటే ఏది అడగాలని మిత్రులు అడుగుతుంటారు. అందరూ హౌసింగ్ అంటారు. నేను వెనక ఐరన్ అంటాను. హౌసింగ్ చేసే లైను ఏదో రూపంలో హిరోషిమాలో బతికే ఉంది. ఐరన్ మాత్రం పోత ఇనుము, దాని ముఖానికి నైట్రైడింగ్ చేసి గట్టిపరిచి ఉంటుంది. అరిగిందని ల్యాపింగ్ చేయిస్తే, అంటే రుద్ది చదును చేయిస్తే, ఆ గట్టి పొర పోతుంది. పవర్ పెంచిన ఇంజిన్లలో పలకలు, హౌసింగులు పక్కకి జరగకుండా ఆపే డవల్ పిన్నుని పట్టుకునే చోట చిట్లేది కూడా వెనక ఐరనే. అక్కడ ఇనుము ఎంత మందం ఉండాలో, ఏ గ్రేడు పోతో, నైట్రైడ్ పొర ఎంత లోతో చెప్పే కాగితం దొరికితే అమెరికాలో మంచి ఫౌండ్రీలున్నాయి, ఆర్డరు ఇచ్చే ఓనర్లూ ఉన్నారు. ముందు డబ్బు కట్టేవాళ్లలో నేనూ ఉంటాను.